తాగుడు, మత్తు మాన్పించే చికిత్స ఎక్కడ ఇప్పించాలి: ఆసుపత్రి, సెంటరు, ఓపీ ఫలితాల పోలిక

ఇంట్లో ఒకరు తాగుడుకు బానిసైనప్పుడు బంధువులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎక్కడైనా మంచి సెంటరు ఉంటే చెప్పండి." మనిషిని తీసుకుపోయి ఎక్కడో కొన్నాళ్లు ఉంచితే మారి తిరిగి వస్తాడని, మంచి చోటు దొరకడమే అసలు కష్టమని మనకు ఒక గట్టి నమ్మకం. మా చిన్నాన్న విషయంలో మేమూ అలాగే నమ్మాము. అప్పు చేసి, ఊరికి దూరంగా ఉన్న ఒక ప్రైవేటు సెంటరులో ఆయనను మూడు నెలలు ఉంచాము. ఇంటికి వచ్చిన పన్నెండో రోజున ఆయన బెల్టు షాపు దగ్గర కనిపించారు. రెండోసారి ఆయన చికిత్స ప్రభుత్వాసుపత్రి ఓపీలో, ఇంటి దగ్గరే ఉంటూ జరిగింది. ఆ రెండు అనుభవాల మధ్య తేడా ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి, చికిత్స జరిగే చోట్లను పోల్చి చూసిన పరిశోధనలను నేను చాలాకాలం చదివాను. అవి నలభై యాభై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నాయి. వాటిలో తేలినదాన్ని మన రెండు రాష్ట్రాల్లో దొరికే సౌకర్యాల పక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసంలో చేస్తున్న పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి వారానికి చోటు చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ వారం ప్రాణానికి సంబంధించినది. ఆ తరువాతి ఏడాదికి మాత్రం చోటుకన్నా చికిత్స తెగిపోకుండా సాగడం ముఖ్యం. హెరాయిన్, మత్తు నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల విషయంలో ఈ లెక్క మారుతుంది. అక్కడ మాన్పించి ఊరికే పంపేయడమే ప్రాణాపాయం కావచ్చు.

ఎంపిక సంగతి అటుంచితే, అసలు చికిత్స వరకు వస్తున్నవారే బహు కొద్దిమంది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్యవారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. అందులో సుమారు 5.7 కోట్ల మందికి ఏదో ఒక సహాయం కావాలి. మద్యానికి పూర్తిగా బానిసైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. కాబట్టి పడక దొరికే వరకు ఆగుదామనుకుని ఓపీకి కూడా వెళ్లకుండా నెలలు గడిపేయడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

"తొంభై శాతం సక్సెస్" అంటే ఏమిటి

సెంటర్ల ప్రకటనలలో కనిపించే శాతాలను పోలికకు వాడకూడదు. గేటుకు తాళం ఉన్నచోట మూడు నెలలు మద్యం ముట్టకుండా ఉండడం చికిత్స ఫలితం కాదు, తాళం ఫలితం. ఫలితం గురించి మాట్లాడే ఎవరినైనా మూడు సంగతులు అడగాలి: డిశ్చార్జి అయిన ఎన్ని నెలలకు లెక్క తీశారు, ఎవరు చెప్పిన మాటను బట్టి లెక్కించారు, జాడ తెలియకుండా పోయినవారిని ఏ ఖాతాలో వేశారు. జాడ తెలియనివారిని లెక్కలోంచి తీసేస్తే ఏ సెంటరుకైనా గొప్ప శాతం వస్తుంది, ఎందుకంటే మళ్లీ తాగుతున్నవారే ఫోను ఎత్తరు.

నిజాయితీగా లెక్కించినప్పుడు వచ్చే అంకెలు అంత అందంగా ఉండవు. 2000 సంవత్సరంలో అమెరికా వైద్య పత్రిక జామాలో మెక్‌లెలన్, ఆయన సహచరులు రాసిన సమీక్షలో, చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలోపు మళ్లీ మొదలుపెడుతున్నారని తేల్చారు. అదే వ్యాసంలో వారు దీన్ని బీపీ, ఆస్తమా రోగులతో పోల్చి, అక్కడ కూడా మందులు ఆపి మళ్లీ జబ్బు ముదిరి వచ్చేవారు ఇంచుమించు ఇంతేమంది, ఇంకా ఎక్కువమంది కూడా ఉన్నారని చూపించారు. బీపీ మాత్ర ఆపేస్తే బీపీ పెరిగినందుకు ఆసుపత్రిని ఎవరూ తిట్టరు, రోగిని అసలే తిట్టరు; మళ్లీ మాత్ర మొదలుపెడతారు. తాగుడు చికిత్సను కూడా అలాగే, ఏళ్ల తరబడి నడిచే వైద్యంగా చూస్తేనే చోట్ల మధ్య పోలికకు అర్థం ఉంటుంది.

మొదటి వారం: ఇక్కడ రాజీ పడకూడదు

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే శరీరం ఎదురు తిరుగుతుంది. ఆరు నుంచి ఇరవైనాలుగు గంటలలో వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. రెండు రోజులలోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి జ్వరం, తీవ్రమైన భ్రమలు, ఎక్కడున్నారో తెలియని స్థితి కలుగుతాయి; దీనినే వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ఇది ప్రాణం తీస్తుంది. మా చిన్నాన్న మొదటిసారి మానినప్పుడు రెండో రాత్రి గోడమీద చీమలు పారుతున్నాయని అరచేత్తో తుడుస్తూనే ఉన్నారు. తెల్లవారుజామున పిన్ని ఇచ్చిన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కామీదే ఒలికింది. అప్పుడు మేము దాన్ని నాటకం అనుకున్నాము. ఆ రాత్రి ఆయనను ఆసుపత్రికి తీసుకుపోకపోవడం మేము చేసిన తప్పులలో పెద్దది.

2020 మార్చి చివరలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కరోజులో మూతపడినప్పుడు తెలంగాణ మొత్తానికి ఈ సంగతి తెలిసివచ్చింది. వణుకుతో, ఫిట్స్‌తో, భ్రమలతో వచ్చినవారితో హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండిపోయింది. వారిలో కల్లు తాగేవారు కూడా చాలామంది ఉన్నారు. చెట్టునుంచి దించిన కల్లు ఆపితే ఇంత బాధ రాదు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు నిజానికి నిద్రమాత్రలకు బానిసలైనవారు. ఆ మందులను ఒక్కసారిగా ఆపడం మద్యాన్ని ఆపడమంత ప్రమాదం. వైద్యుడు లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి. "కల్లే కదా" అని ఇంట్లోనే ఆపించబోయే కుటుంబాలు ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోవాలి.

అయితే మొదటి వారానికి అందరినీ అడ్మిట్ చేయాలా? అక్కర లేదు. ఫిలడెల్ఫియాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో హయాషిదా బృందం చేసిన పరిశోధన 1989లో వెలువడింది. ఒక మోస్తరు లక్షణాలున్న 164 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆసుపత్రి పడకమీద, రెండో జట్టుకు రోజూ ఓపీకి వచ్చి వెళ్లే పద్ధతిలో మందులు ఇచ్చారు. పడకమీద ఉన్నవారిలో 95 శాతం, ఓపీలో 72 శాతం ఆ మొదటి దశను పూర్తిచేశారు. ఆరు నెలల తరువాత చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ఖర్చు మాత్రం ఓపీలో మనిషికి 175 నుంచి 388 డాలర్లు, పడకమీద 3,319 నుంచి 3,665 డాలర్లు అయింది. తీవ్రమైన లక్షణాలున్నవారిని ఆ పరిశోధనలోకి తీసుకోలేదన్నది మాత్రం మరచిపోకూడదు.

కాబట్టి మొదటి వారానికి చోటు ఎంచుకునేటప్పుడు చూడవలసింది మనిషి గతాన్ని. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గాని భ్రమలు గాని వచ్చి ఉంటే, లివరు దెబ్బతిని ఉంటే, కామెర్లు, రక్తపు వాంతులు ఉంటే, పొద్దున లేవగానే మందు పడకపోతే చేతులు ఆడని స్థితి ఉంటే, నిద్రమాత్రలు కూడా కలిసి ఉంటే, వయసు మీరిన మనిషైతే, గర్భిణి అయితే, చచ్చిపోతానని అంటూ ఉంటే, లేదా ఇంట్లో కనిపెట్టి ఉండేవారు ఎవరూ లేకపోతే ఆసుపత్రిలోనే చేర్చాలి. అది కూడా రాత్రిపూట వైద్యుడు, నర్సు ఉండే ఆసుపత్రి కావాలి. గ్లూకోజు సీసా ఎక్కించి పంపే చిన్న క్లినిక్కు ఈ పనికి సరిపోదు. ఏళ్లుగా తాగినవారికి బి1 విటమిన్, అంటే థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆ మాట వైద్యుణ్ణి అడగడానికి మొహమాటపడకండి. వైద్యుడే లేని రీహాబ్ సెంటరు ఈ వారానికి అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు.

ఆ తరువాత: పడకమీద ఉంటే ఎక్కువ ఫలితమా?

ఈ ప్రశ్నకు రెండు పాత పరిశోధనలు చూడడానికి పరస్పర విరుద్ధమైన జవాబులు ఇస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడే నాకు విషయం బోధపడింది.

మొదటిది లండన్‌లో ఎడ్వర్డ్స్, ఆర్‌ఫర్డ్, వారి సహచరులు చేసి 1977లో ప్రచురించినది. పెళ్లయిన వందమంది తాగుబోతు పురుషులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నెలల తరబడి వైద్యుడు, సోషల్ వర్కర్, మందులు, అవసరమైతే అడ్మిషన్ ఏర్పాటు చేశారు. రెండో జట్టులో భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఒకే ఒకసారి గట్టిగా, సానుభూతితో మాట్లాడి, మానడం మీ చేతిలోనే ఉందని చెప్పి పంపారు. ఏడాది తరువాత రెండు జట్ల ఫలితాలలో గణనీయమైన తేడా కనబడలేదు.

రెండోది అమెరికాలోని లిన్ పట్టణంలో జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారపు ఉద్యోగులమీద జరిగి, 1991లో వెలువడింది. 227 మంది కార్మికులను మూడు జట్లు చేశారు: తప్పనిసరిగా ఆసుపత్రిలో చేరాల్సినవారు, తప్పనిసరిగా ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారే ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘం) సమావేశాలకు వెళ్లాల్సినవారు, తమకు నచ్చినది ఎంచుకునేవారు. రెండేళ్లకు ఉద్యోగం విషయంలో మూడు జట్లూ సమానంగా బాగుపడ్డాయి. తాగుడు విషయంలో మాత్రం ఆసుపత్రి జట్టు మెరుగ్గా ఉంది. సమావేశాల జట్టులో 63 శాతం మందిని తరువాత ఎలాగూ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది; ఆసుపత్రి జట్టులో ఆ అవసరం 23 శాతానికే పడింది. అందువల్ల చవక అనుకున్న దారిలో చివరికి ఖర్చులో ఆదా అయినది పది శాతమే. మద్యంతోపాటు కొకెయిన్ కూడా వాడినవారికి సమావేశాలు ఒక్కటే అస్సలు సరిపోలేదు.

లండన్‌లో పరీక్షించిన మనుషులకు ఇల్లు, భార్య ఉన్నాయి. చికిత్సకు భార్యలు కూడా వచ్చారు. లిన్‌లో పోల్చినది ఆసుపత్రిని ఓపీ వైద్యంతో కాదు, వైద్యం లేని సమావేశాలతో. ఆ రెంటినీ కలిపి చూస్తే నాకు తేలినది ఇది: నిలకడైన ఇల్లు, కనిపెట్టి ఉండే మనిషి, చేసుకునే పని ఉన్నవారికి అడ్మిషన్ వల్ల అదనంగా వచ్చేది తక్కువ. ఇల్లే చెదిరిపోయినవారికి, రెండు మూడు మత్తులు కలిసినవారికి, ఓపీలో ప్రయత్నించి పలుమార్లు జారినవారికి కొన్ని వారాలు లోపల ఉండడం వల్ల నిజమైన లాభం ఉంది. రోగిని చూడకుండా అడ్మిషనా, ఓపీనా అని వాదించుకోవడం వృథా.

మన దగ్గరి మూడు నెలల సెంటర్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కుటుంబాలు డబ్బూ ఆశా ఎక్కువగా పోసేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ సహాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. వాటిలో చికిత్స ఉచితం. వాటితోపాటు లైసెన్సు ఉన్నవి, లేనివి, మంచివి, ఘోరమైనవి అన్నీ కలగలిసిన ప్రైవేటు సెంటర్లు ఉన్నాయి.

మంచి సెంటరు వల్ల లాభం లేదని నేను అనను. బెల్టు షాపు, పాత జట్టు, అప్పులవాళ్లు ఇవన్నీ కొన్నాళ్లు కంటికి దూరమవుతాయి. వేళకు తిండి, నిద్ర, పని, తనలాంటి పదిమందితో మాట్లాడడం అలవాటవుతాయి. 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టీటీకే ఆసుపత్రి వంటి చోట్ల కుటుంబ సభ్యులకు కూడా చికిత్సలో భాగం ఉంటుంది. ఆ సంస్థే తిరువారూరు జిల్లాలోని మంజక్కుడి వంటి పల్లెల్లో శిబిరాలు పెట్టి, మనిషిని ఊరినుంచి విడదీయకుండా, ఊరివాళ్లనే అండగా కూడగట్టి చికిత్స చేసింది. మన పల్లెలకు సరిపడే నమూనా అదేనని నాకు అనిపిస్తుంది.

మేము చిన్నాన్నను చేర్చిన సెంటరులో మాత్రం మానసిక వైద్యుడు నెలకొకసారి వచ్చి పోయేవాడు. మొదటి నెల ఫోను మాట్లాడనివ్వలేదు. డిశ్చార్జి రోజున చేతికి ఒక బిల్లు, ఒక దేవుడి పటం ఇచ్చారు. ఏ మాత్రలు వాడాలో, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిన కాగితం ఇవ్వలేదు. ఆ కాగితం లేకపోవడమే ఆ పన్నెండు రోజులకు కారణమని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికన్నా స్పష్టంగా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం కిందికే తెచ్చింది. కాబట్టి అటువంటివారిని ఉంచుకుని చికిత్స చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. మనిషి తనంతట తాను చేరితే తనంతట తాను వెళ్లిపోవచ్చు. తన మేలు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటేనే, నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాక, నామినీ (రోగి తరఫున నిర్ణయాలలో తోడుండే మనిషి) కోరికపై 30 రోజుల వరకు ఉంచవచ్చు. ఆపైన ఉంచాలంటే మళ్లీ వేరే విధానం ఉంది. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. ఫోనులో మాట్లాడే, చూడడానికి వచ్చినవారిని కలిసే హక్కు రోగికి ఉంది. ఇంటికి వ్యాను పంపి మనిషిని బలవంతంగా ఎత్తుకుపోతామని చెప్పే సెంటరుకు ఆ మాటతోనే నమస్కారం పెట్టి బయటికి రండి.

చేర్చే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. నమోదు పత్రం చూపించమనండి. రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకుపోతారో అడగండి. వంటగది, మరుగుదొడ్లు చూడండి. అవి చూపించడానికి ఇష్టపడనివారు లోపల మనిషిని ఎలా చూస్తారో ఊహించుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, డిశ్చార్జి తరువాత ఏడాదిపాటు ఏమి చేస్తారని అడగండి. దానికి వివరమైన జవాబు రాకపోతే నెలవారీ ఫీజు ఎంత తక్కువైనా ఆ సెంటరు ఖరీదైనదే.

ఓపీ, మాత్రలు, ఇంటి మనిషి

ఇంటి దగ్గర ఉంటూ జరిగే చికిత్సను మనం చిన్నచూపు చూస్తాము, అందులో కనిపించే హంగు లేదు కాబట్టి. ఫలితాలు మాత్రం చిన్నవి కావు. ముంబయిలో అవినాశ్ డిసౌజా, అలన్ డిసౌజా చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, కుటుంబ అండ ఉన్న వందమంది పురుషులకు ఏడాదిపాటు ఇంటివారి పర్యవేక్షణలో మాత్రలు ఇచ్చారు. డైసల్ఫిరామ్ వాడినవారిలో 86 శాతం, తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వాడినవారిలో 44 శాతం ఏడాది చివర తాగకుండా ఉన్నారు. ఏ మాత్ర వేసుకుంటున్నదీ అందరికీ తెలుసు, పైగా కుటుంబం వెంట ఉన్నవారినే ఎంచుకున్నారు. అందుకే ఆ 86 శాతం అందరికీ వర్తిస్తుందని అనుకోలేము. అయినా రోజూ ఎదురుగా నిలబడి మాత్ర వేయించే ఒక మనిషి ఉంటే ఓపీ చికిత్స ఎంత దూరం పోగలదో అది చూపిస్తుంది.

డైసల్ఫిరామ్ వేసుకున్నాక మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం వస్తాయి. ఆ భయమే కాపలాగా పనిచేస్తుంది. సరిగ్గా అందుకే, మనిషికి తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో దాన్ని కలిపి పెట్టడం ప్రాణాపాయం. "తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అని గోడలమీద కనిపించే పొడుల ప్రకటనల జోలికి వెళ్లవద్దు; వాటిలో ఏముందో వైద్యుడికి కూడా తెలియదు. గుండెజబ్బు, లివరు జబ్బు ఉన్నవారికి ఈ మాత్ర పనికిరాకపోవచ్చు, రక్తపరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి.

ఇంకా బానిస కాలేదుగానీ తాగుడు హద్దు దాటుతోందన్న దశలో ఉన్నవారికి ఇంకా సులువైన దారి ఉంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 377 మంది పురుషులమీద జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు నాలుగుసార్లకు మించకుండా కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకు ఆ జట్టులో గత రెండు వారాలుగా ముట్టనివారు 42 శాతం, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 18 శాతం. ఈ దశలో ఉన్న మనిషిని మూడు నెలల సెంటరులో వేయడం జలుబుకు ఆపరేషన్ చేయడమే.

విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ఎర్రగడ్డ చికిత్సాలయం, ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలలో ఓపీ ఉంది. క్యూలో నిలబడాలి, కౌన్సెలింగుకు దొరికే సమయం తక్కువ. ఆ లోటును ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు కొంత పూడుస్తాయి. 27 పరిశోధనలను, పదివేల మందికి పైగా రోగులను కలిపి చూసిన 2020 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, ఆ సమావేశాల దారి పట్టించే పద్ధతిలో ఏడాది చివర పూర్తిగా మానినవారు 42 శాతం, ఇతర కౌన్సెలింగ్ పద్ధతులలో 35 శాతం అని తేలింది. పైసా ఖర్చు లేదు, సాయంత్రం పూట ఉంటాయి, ఏళ్ల తరబడి సాగుతాయి. అయితే లిన్ పరిశోధన చెప్పినట్టు అవి వైద్యానికి తోడుగా ఉండాలి, వైద్యం స్థానంలో కాదు.

హెరాయిన్, నొప్పి మాత్రలు, గంజాయి

హెరాయిన్, మత్తు నొప్పి మాత్రల వంటి నల్లమందు జాతి మత్తుల విషయంలో మద్యం లెక్కను వాడితే మనుషులు చనిపోతారు. లండన్‌లో స్ట్రాంగ్ బృందం 2003లో ప్రచురించిన పరిశీలనలో, ఆసుపత్రిలో మత్తు వదిలించుకున్న 137 మందిలో ఏడాదిలోపు మోతాదు ఎక్కువై చనిపోయిన ముగ్గురూ చికిత్సను విజయవంతంగా పూర్తిచేసినవారే. కారణం కష్టమైనదేమీ కాదు: కొన్ని వారాలు మానేసరికి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది, బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అదే ఏడాది స్వీడన్ పరిశోధన ఒకటి వచ్చింది. హెరాయిన్‌కు బానిసైన నలభైమందిలో సగంమందికి ఏడాదంతా బుప్రినార్ఫిన్ (హెరాయిన్ బదులు వైద్యుడి పర్యవేక్షణలో ఇచ్చే మందు) ఇచ్చారు, మిగతా సగానికి ఆరు రోజులలో తగ్గించి ఆపేశారు. కౌన్సెలింగ్ రెండు జట్లకూ ఒకటే. ఏడాది చివర మొదటి జట్టులో 75 శాతం చికిత్సలో నిలిచారు. రెండో జట్టులో ఎవరూ నిలవలేదు, నలుగురు చనిపోయారు. కాబట్టి ఈ మత్తులకు సెంటరును వెతకడంకన్నా, బుప్రినార్ఫిన్ వంటి మందును నెలలు, ఏళ్లు కొనసాగించే ప్రభుత్వ చికిత్స కేంద్రాన్ని వెతకడం మంచిది. "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అని బంధువులు అంటారు. ఆ మాట విని మందు ఆపించవద్దు.

గంజాయికి ఇటువంటి ప్రత్యేకమైన మాత్ర లేదు. కుర్రవాడు మాట్లాడేది పొంతన లేకుండా ఉన్నా, ఎవరో వెంటాడుతున్నారని భయపడుతున్నా ఆసుపత్రి కావాలి. లేకపోతే ఓపీలో కౌన్సెలింగ్ చాలు. పోలీసు కేసు అవుతుందని చికిత్సకు వెనకాడేవారు ఎక్కువ. చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులలో, తనంతట తాను గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది, చికిత్సను మధ్యలో వదిలేయకూడదన్న షరతుతో.

డబ్బు గురించి ఒక మాట. వ్యసన చికిత్సను మినహాయించే నిబంధన చాలా ఆరోగ్య బీమా పాలసీలలో ఉంటుంది. అడ్మిషన్‌కు ముందే చదివి చూసుకోండి. ఉన్న డబ్బంతా మొదటి నెలలోనే ఖర్చుచేయకుండా, ఏడాది పొడుగునా ప్రయాణానికి, మాత్రలకు, పనికి పోని రోజులకు కొంత విడిగా పెట్టుకోవడం మంచిది. ఎక్కడికి వెళ్లాలో తోచనప్పుడు మత్తు వ్యసనాలకు జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

చిన్నాన్న రెండో చికిత్స ఇప్పటికి పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. మొదటి ఆరు రోజులు ప్రభుత్వాసుపత్రి వార్డులో, తరువాత అంతా ఓపీలో. ఇడ్లీ తిన్నాక పిన్ని ఎదురుగా నిలబడితే ఆయనే చేయి చాపి మాత్ర అడిగి వేసుకుంటారు. ఆ వెంటనే ఆమె వంటింటి గోడ క్యాలెండర్‌మీద ఆ తేదీకి నీలం పెన్నుతో ఒక గీత పెడుతుంది. గీతలు లేని చోట్లు రెండు ఉన్నాయి: దసరాకు మూడు రోజులు, ఊళ్లో పెళ్లికి రెండు రోజులు. నెలనెలా ఆ క్యాలెండర్ కాగితాన్ని మడిచి ఓపీకి తీసుకుపోతారు. అక్కడి కౌన్సెలర్ నీలం గీతలను ఒకసారి చూసి పక్కన పెట్టి, ఖాళీ గళ్లమీద వేలు పెట్టి, ఆ పొద్దున ఇంట్లో ఏమి జరిగిందో ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు.